ముందు బడి మాటివ్వాలి

అమెరికాలో మన తెలుగు పిల్లలు కొందరు స్పానిష్, చైనీస్ ఇమ్మర్షన్ ఉన్న ప్రభుత్వ బడుల్లో చదువుతున్నారు. ఇమ్మర్షన్ అంటే లెక్కలు, సైన్సు కూడా ఆ భాషలోనే చెప్పడం. ఫీజు ఉండదు, సీట్లు తక్కువ, అందుకని చాలాచోట్ల లాటరీ తీస్తారు. సీటొచ్చాక మధ్యలో మాన్పించబోమని తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకునే బడులూ ఉన్నాయి. అలా అడగడంలో న్యాయం ఉంది. మూడో తరగతిలో ఒకరు మానేస్తే, ఆ భాష ముక్క రాని పిల్లను తెచ్చి ఆ సీట్లో కూర్చోబెట్టలేరు. ఏటా ఇద్దరు ముగ్గురు తగ్గితే పై తరగతులు పలచబడి, చివరికి టీచరు పోస్టుకే ఎసరొస్తుంది.

లాటరీలో చీటీలన్నీ ఒకటే అంటారు. కానీ చీటీ వేసేదాకా రావడం అందరికీ ఒకటి కాదు. దరఖాస్తు గడువు నెలల ముందే అయిపోతుంది. బడి చూపించే సమావేశం పనిరోజున పగటిపూట పెట్టే బడులున్నాయి. బస్సు ఉండకపోవచ్చు. మనకు వాట్సాప్ గ్రూపుల్లో అన్నీ ముందే తెలుస్తాయి. రెండు షిఫ్టులు చేసే తల్లికి ఎవరు చెప్తారు?

ఇప్పుడు మా నెల్లూరు జిల్లా సంగతి చూడండి. ప్రభుత్వ బడుల్ని ఇంగ్లిషు మీడియంలోకి మార్చాలని 2019 నవంబరులో జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా ఇంగ్లిషు మీడియం ఆగలేదు, తల్లిదండ్రులూ అదే కోరుకున్నారు. మన పిల్లల్ని ఇక్కడ చదివించుకుంటూ వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఒకవైపు తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిషు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇవ్వడం మంచి పనే. కానీ పుస్తకంతో పని అయిపోదు. 1965లో కెనడాలోని సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లిషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు ఫ్రెంచి మీడియం తరగతి పెట్టించినప్పుడు, ఆ భాష ధారాళంగా వచ్చిన టీచర్లు పాఠం చెప్పారు. పిల్లల ఇంటిభాషను ఎవరూ చిన్నచూపు చూడలేదు, రెండు మూడేళ్ళకు దానికీ పీరియడ్లు ఇచ్చారు. మన పల్లె బడికి ఈ రెండూ కావాలి.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు ఉదయగిరి వైపు ఒక బడిలో తల్లిదండ్రుల సమావేశానికి కూర్చున్నాను. ఒక పిల్లవాడి తరఫున వాళ్ళ అవ్వ వచ్చింది. ‘‘అమ్మా నాయనా బెంగుళూరు బేల్దారి పనికి పోయుండారు అయ్యవారూ. వేలిముద్ర వెయ్యమంటే వేస్తా. చదివించమంటే నాకు యాడొస్తది?’’ అంది. ఆమె చేతిలో మనవడి ఇంగ్లిషు నోటుబుక్కు ఉంది, మడత పడకుండా పైట కొంగులో చుట్టి తెచ్చింది. శ్రద్ధ లేని మనిషి నోటుబుక్కును అంత పదిలంగా తేదు.

2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అమ్మ ఒడి పథకం కింద, పిల్లల్ని బడికి పంపే పేద తల్లులకు ఏటా 15,000 రూపాయలు అన్నారు, 75 శాతం హాజరు ఉండాలన్నారు. షరతు పెట్టడం తప్పని నేను అనను. కానీ పనుల కోసం ఊళ్ళు మారే యానాది గిరిజన కుటుంబానికీ, ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పిల్లల్ని వెంటేసుకు పోయేవాళ్ళకూ ఆ హాజరు ఎలా వస్తుంది? వలస వెళ్ళేవాళ్ళ పిల్లలకోసం సీజనల్ హాస్టళ్ళు నడపడం ఉందే, అదీ మాటివ్వడమంటే. పిల్లవాడికి పడుకునే చోటు, రెండుపూటలా అన్నం చూపించి, ఆ తర్వాత తల్లిని సంతకం అడగండి, సంతోషంగా పెడుతుంది. అమెరికా బడులైనా అంతే, ముందు బస్సు వెయ్యాలి, సమావేశం సాయంత్రం పెట్టాలి.

మన సంఘం ఊరి బడులకు కంప్యూటర్లు పంపుతోంది. వచ్చే ఏడాది ఆ డబ్బులో సగం సాయంత్రం చదువుకు పెడదాం. తెలుగు, ఇంగ్లిషు రెండూ వచ్చిన డిగ్రీ పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఇంట్లో చదివించేవాళ్ళు లేని పిల్లలకు రోజూ రెండు గంటలు చెప్పేందుకు వాళ్ళకు నెలనెలా జీతం ఇద్దాం. ఎవరిని చేర్చుకోవాలో మార్కులు చూసి కాదు, ఆ అవ్వలాంటి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడిగి తేల్చాలి. వచ్చే కమిటీ సమావేశంలో దీన్ని చర్చకు పెట్టమని కోరుతున్నాను.