మాటతోనే బేరం, మాటకే జరిమానా

ఫార్ములా వన్ కార్ల రేసు డ్రైవర్ ఒక్కసారి నోరు జారితే 40 వేల యూరోలు కట్టాలని 2025 జనవరిలో రేటు కట్టారు. మన డబ్బులో అప్పటి లెక్కన సుమారు 36 లక్షల రూపాయలు. రెండోసారికి 80 వేలు, పైగా నెల రోజుల నిషేధం నెత్తిమీద వేలాడుతూ ఉండేది. మూడోసారికి లక్షా 20 వేలు, నిజంగానే నెల రోజుల నిషేధం, ఛాంపియన్‌షిప్ పాయింట్లలో కోత. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్ఐఏ అప్పుడు విడుదల చేసిన పట్టిక ఇది. బూతులతోనే ఆగి ఉంటే సంపాదకీయం రాయాల్సిన పని ఉండేది కాదు. సమాఖ్యకు 'నైతిక నష్టం' కలిగించే మాటకూ, ముందస్తు అనుమతి లేకుండా చేసే రాజకీయ, మత, వ్యక్తిగత వ్యాఖ్యకూ అందులోనే రేట్లు కట్టారు. ఏది నైతిక నష్టమో తేల్చేది రేసుల్లో తీర్పు చెప్పే అధికారులు, అంటే స్టీవార్డులు. వాళ్ళలో ఎక్కువ మందిని నియమించేది ఎఫ్ఐఏ.

పిల్లలు చూస్తున్నారు, ఆదర్శంగా ఉండాలి అనే వాదన ఉంది. టెన్నిస్‌లో, ఫుట్‌బాల్‌లో నోటిదురుసుకు శిక్షలు లేవా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఉన్నాయి, కాదనం. కానీ ఇక్కడ సంగతి వేరు. ఈ ఆటలో అమ్ముడుపోతున్న సరుకే డ్రైవర్ల మాట.

డ్రైవర్‌కూ ఇంజినీర్‌కూ మధ్య నడిచే రేడియో సంభాషణ ఒకప్పుడు వాళ్ళిద్దరి గొడవ. ఇప్పుడది ప్రసార సరుకు. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో ఉన్న మనిషి చిరాకుపడి అన్న మాటను ఏరి, బూతు మీద బీప్ వేసి, ప్రపంచానికంతా వినిపిస్తారు. 2012 అబుదాబీ రేసులో ముందున్న కిమీ రైకొనెన్‌కు ఇంజినీర్ సలహాలిస్తుంటే 'నన్ను వదిలేయండి, నేనేం చేస్తున్నానో నాకు తెలుసు' అని విసుక్కున్నాడు. ఆ రేసు గెలిచాడు. ఆ విసుగు టీషర్టుల మీదికెక్కింది. రోజుకు పది మాటలు కూడా మాట్లాడని ఆ ఫిన్లండ్ మనిషిని జనం నెత్తిన పెట్టుకున్నది అలాంటి ఒక్కో ముక్కకే. ప్రసారం అమ్మేది ఒకరు, నిబంధనలు రాసేది ఇంకొకరు, కలిపి తిట్టడం న్యాయమా అని అడగొచ్చు. సంస్థలు రెండైనా, బతుకుతున్నది మాత్రం ఒకే ఆట మీద. డ్రైవర్ల నోటి దగ్గర సొమ్ము చేసుకుని ఆ నోటికే జరిమానా వేయడాన్ని ద్వంద్వనీతి అనకపోతే ఏమనాలి?

2024 సెప్టెంబరులో సింగపూర్ ప్రెస్‌మీట్‌లో మాక్స్ వెర్‌స్టాపెన్ తన కారు గురించి ఒక మొరటు మాట అన్నాడు. ఎవరినీ తిట్టలేదు, కారును తిట్టాడు. సమాజ సేవ చేయమని శిక్ష వేశారు. తర్వాతి అధికారిక ప్రెస్‌మీట్‌లో ముక్తసరిగా ఒకటి రెండు మాటలతో సరిపెట్టి, బయట టీములుండే ఆవరణ ప్యాడక్‌లో విలేకరులను చుట్టూ నిలబెట్టుకుని తీరుబడిగా మాట్లాడాడు. ఆ రోజు గెలిచింది ఎవరో వేరే చెప్పాలా? అక్టోబరులో మెక్సికోలో చార్ల్స్ లెక్లెర్ వంతు వచ్చింది. రేసు చివర్లో కారు చేజారబోయిన క్షణాన్ని వర్ణిస్తూ తనకు తానే ఒక బూతు అనుకున్నాడు. అన్న వెంటనే నాలుక కరుచుకుని, మాక్స్ జాబితాలో చేరనండీ బాబూ అన్నట్టు నవ్వుతూ క్షమాపణ చెప్పాడు. గదిలో అందరూ నవ్వారు. జరిమానా మాత్రం 10 వేల యూరోలు, అందులో సగం వాయిదా వేశారు. ఎవరికైనా నచ్చేది ఆ కుర్రాడి ఆ తొట్రుపాటే. దానికే బిల్లు వేశారు.

బూతు సంగతి అలా ఉంచుదాం. మాకు అసలు భయం 'నైతిక నష్టం' అన్న మాట దగ్గర.

1966లో బెల్జియంలోని స్పా సర్క్యూట్‌లో వాన మొదలైంది. డ్రైవర్ జాకీ స్టీవార్ట్ కారు ట్రాక్ దాటి ఎగిరిపడింది. భుజం ఎముక విరిగింది, ఒళ్ళంతా పెట్రోలు. స్టీరింగ్ ఊడదీస్తే తప్ప బయటికి లాగే దారి లేదు. తీసే పనిముట్టు అక్కడ ఎవరి దగ్గరా లేదు. అదే వానలో ట్రాక్ తప్పిన గ్రాహం హిల్, బాబ్ బాండ్యురాంట్ పరుగున వచ్చి, చూడవచ్చిన ఒక ప్రేక్షకుడి దగ్గర స్పానర్ అడిగి తెచ్చి విప్పారు. ఎక్కించిన అంబులెన్సు దారి తప్పింది. ఆనాటి నుంచి స్టీవార్ట్ తన స్టీరింగ్ పక్కనే ఒక స్పానర్‌ను టేపుతో అంటించుకుని రేసుకు దిగేవాడు. అక్కడితో ఊరుకోలేదు. సీటు బెల్టులు, రక్షణ కంచెలు, డాక్టర్లు కావాలని ప్రతి సర్క్యూట్ యజమానితోనూ తగువు పెట్టుకున్నాడు. 1969లో స్పా రేసు జరగకుండా చేసింది అతనూ, అతని వెనక నిలబడ్డ డ్రైవర్లే. పిరికివాడన్నారు, ఆట అందం చెడగొడుతున్నాడన్నారు. జనానికి నచ్చేదే మాట్లాడి ఉంటే ఇంకా పాపులర్ అయ్యేవాడిననీ, బహుశా బతికి ఉండేవాడిని కాననీ తర్వాత ఆయనే అన్నాడు. 2025 నాటి పట్టిక ఆనాడే ఉండి ఉంటే, సర్క్యూట్‌లు చావు గుంటలని చెప్పిన ఆ మనిషి మాట సమాఖ్యకు నైతిక నష్టం కాకుండా ఉండేదా? మూడో మాటకే నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టేవారు. ఆయన సాధించిపెట్టిన భద్రతను మాత్రం ఇవాళ తమ ఘనతగా చెప్పుకుంటున్నారు.

ఇదేమీ కొత్త ఎత్తు కాదు. 1982లో, ఫార్ములా వన్ నడపడానికి కావాల్సిన సూపర్ లైసెన్సు ఫారంలో, ఆట నైతిక, భౌతిక ప్రయోజనాలకు గానీ ప్రతిష్ఠకు గానీ హాని చేయబోమని డ్రైవర్లతో రాయించుకోవాలని చూశారు. ఇంచుమించు ఇవే మాటలు. రెండేళ్ళ విరామం తర్వాత అప్పుడే తిరిగొచ్చిన డ్రైవర్ నికీ లాడా అందులోని తిరకాసు పట్టేశాడు. దక్షిణాఫ్రికాలోని క్యాలమీ సర్క్యూట్ గేటు దగ్గర దాదాపు డ్రైవర్లందరినీ బస్సెక్కించుకుని హోటల్‌కు తీసుకుపోయారు. ఒకే హాల్లో పరుపులు పరుచుకుని పడుకున్నారు. ఎలియో డి ఏంజెలిస్ పియానో వాయించాడు, జిల్ విల్నెవ్ కూడా చెయ్యి కలిపాడు. టీమ్ వాళ్ళు తలుపు తోసుకుని వస్తుంటే అదే పియానోను అడ్డం పెట్టారు. తెల్లారి దిగొచ్చింది నిర్వాహకులే. తర్వాత జరిమానాలు పడ్డాయనుకోండి, అది వేరే సంగతి. విల్నెవ్ ఆ ఏడాదే మేలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తరాన్ని తలుచుకుంటే ఇప్పటికీ అభిమానుల గొంతు జీరబోయేది ట్రోఫీల లెక్క చూసి కాదు.

మన కళ్ళముందటి మనిషి సెబాస్టియన్ వెటెల్. మన దేశంలో జరిగిన మూడు ఫార్ములా వన్ రేసులూ అతనివే. 2013లో నోయిడా బుద్ధ సర్క్యూట్‌లో నాలుగో టైటిల్ ఖాయం కాగానే స్టాండ్స్ ముందు కారును గిరగిరా తిప్పి, దిగి మోకాళ్ళ మీద కూర్చుని దానికి దణ్ణం పెట్టాడు. అప్పుడు కూడా టీముకు 25 వేల యూరోల జరిమానా, అతనికి మందలింపు. బుద్ధ సర్క్యూట్ అనగానే ఈనాటికీ మన అభిమానికి గుర్తొచ్చేది ఆ ఫొటోయే. 2021లో హంగరీ ఎల్‌జీబీటీ వ్యతిరేక చట్టానికి నిరసనగా ఇంద్రధనుస్సు టీషర్టు వేసుకుని జాతీయ గీతానికి నిలబడ్డాడు. మళ్ళీ మందలింపు. అంతకు ముందు ఏడాది అదే ఇంద్రధనుస్సు రంగులను 'మనమంతా ఒక్కటే' అన్న ప్రచారం పేరుతో కార్లకు అంటించింది ఇదే ఫార్ములా వన్. లోగో మీదుంటే విలువలు, మనిషి ఒంటి మీదుంటే నేరం! 2022లో నగలు తీసేయాలి, లోదుస్తులు ఇలాంటివే వేసుకోవాలి అని హుకుం వస్తే, మయామీలో వెటెల్ రేసు సూటు పైన డ్రాయరు తొడుక్కుని అందరి ముందూ తిరిగాడు. అంతకంటే మర్యాదైన నిరసన ఉంటుందా?

లూయిస్ హామిల్టన్ సంగతీ అంతే. 2020లో ముజెల్లో రేసు గెలిచి, పోలీసు కాల్పుల్లో చనిపోయిన బ్రియోనా టేలర్‌కు న్యాయం అడిగే టీషర్టుతో పోడియం ఎక్కాడు. వెంటనే, సూటు జిప్పు మెడదాకా ఉండాలని నిబంధన తెచ్చారు. 2024లో ఎఫ్ఐఏ అధ్యక్షుడు మహమ్మద్ బెన్ సులయేమ్ డ్రైవర్ల భాష గురించి మాట్లాడుతూ ర్యాప్ సంగీతం ప్రస్తావన తెచ్చాడు. అందులో జాతి వాసన ఉందని హామిల్టన్ తప్పుబట్టాడు. సమాఖ్యకు నైతిక నష్టం చేసింది ఆ ఇద్దరిలో ఎవరు? ఈ పట్టికలో అధ్యక్షుడి మాటకు రేటు లేదేం?

రాజకీయాలు వద్దనేవాళ్ళకు ఒక్కటే గుర్తుచేస్తాం. 2022 మార్చిలో సౌదీ అరేబియాలోని జెడ్డాలో ప్రాక్టీసు జరుగుతుండగా దగ్గర్లోని చమురు డిపో మీద క్షిపణి పడి పొగలు లేచాయి. అర్ధరాత్రి దాటేదాకా డ్రైవర్లు గదిలో తర్జనభర్జన పడ్డారు. రేసు మాత్రం ఆగలేదు. అనుమతి లేకుండా రాజకీయం మాట్లాడకూడదన్న నిబంధన అదే ఏడాది డిసెంబరులో వచ్చింది. పొగలో కారు నడపడానికి అక్కర్లేని అనుమతి పొగ గురించి మాట్లాడటానికి కావాలా?

2024 నవంబరులో డ్రైవర్ల సంఘం బహిరంగ లేఖ రాసింది. మేం పెద్దవాళ్ళం, నగల గురించీ లోదుస్తుల గురించీ మాకు పాఠాలు వద్దంది. జరిమానాల డబ్బు ఎక్కడికి పోతోందో చెప్పమని మూడేళ్ళుగా అడుగుతున్నామంది. అది వాళ్ళకు అనవసరం అని బెన్ సులయేమ్ జవాబు. కింది స్థాయి రేసింగ్‌కే ఖర్చు చేస్తున్నామని కూడా అన్నాడు. మంచిదే. అలాగైతే లెక్క చూపించడానికి అభ్యంతరం ఏమిటి? లేఖ అందిన మూడు నెలలలోపే ఈ కొత్త రేట్లు వచ్చాయి. పద్నాలుగు సార్లు మధ్యప్రాచ్య ర్యాలీ ఛాంపియన్ అయిన బెన్ సులయేమ్‌కు హెల్మెట్ లోపలి టెన్షన్ ఒకరు చెప్పక్కర్లేదు. కుర్చీ ఎక్కాక మరిచిపోయాడంతే. డ్రైవర్లకు మర్యాద నేర్పే ముందు, వాళ్ళ దగ్గర వసూలు చేసిన ప్రతి యూరో ఎవరికి చేరిందో రసీదులతో సహా బయటపెట్టండి. అంతవరకూ జరిమానా నోటీసు ఒక్కరికి పంపినా అది దబాయింపే.