ఆకాశరామన్నతో వాదన

సంక్రాంతికి అక్కగారింట్లో అందరం వరుసగా కూర్చుని భోజనం చేస్తుండగా బావగారు పోలవరం మాట ఎత్తారు. ఆయన చెప్పినదానిలో సగం నాకు సమ్మతం కాదు. అయినా "అంతేనంటారా బావగారూ" అని, పెరుగు వేయించుకుని, తిని లేచాను. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ నిద్రపోయాక, పేరూ ఊరూ తెలియని ఒక మనిషితో, నాది కాని పేరు పెట్టుకుని, పోలవరం డ్యాం కింద నీటి ఊటను ఆపే డయాఫ్రం వాల్ అనే భూగర్భ గోడ దెబ్బతినడానికి ఎవరు బాధ్యులన్న విషయం మీద ఒంటిగంట దాకా ఫోనులో టైపు చేస్తూ వాదించాను. మధ్యాహ్నం గొంతులో ఆగిపోయిన వాక్యాలే అవన్నీ అని తెల్లవారాక గాని నాకు తట్టలేదు.

ముఖం తెలియనివాళ్లతో రాజకీయాలు వాదించేవారిని చూసి పనిలేనివాళ్లనీ, డబ్బు పుచ్చుకునేవాళ్లనీ అనడం మామూలు. అలాంటివాళ్లు లేరని నేను అనను. కానీ పగలంతా ఉద్యోగం చేసుకుని, పిల్లల ఫీజులు కట్టుకుని, రాత్రి పదింటికి ఒక అపరిచితుడికి నాలుగు పేరాల జవాబు రాసే మనిషికి ఆ వివరణ సరిపోదు. మనం నిజానికి అపరిచితుడితో వాదించడం లేదని నా అభిప్రాయం. ఎదుట నోరెత్తలేని దగ్గరివాడు ఒకడుంటాడు, అది బావగారు కావచ్చు, పై అధికారి కావచ్చు, ఊరి పెద్ద కావచ్చు. వారికి ఇవ్వలేకపోయిన జవాబునే దారినపోయేవాడికి ఇస్తున్నాం.

2013లో ఈ సంగతి నాకు మొదటిసారి స్పష్టంగా కనిపించింది. ఆ ఏడాది జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణ ఏర్పాటుకు తీర్మానం చేసినప్పటి నుంచి, 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ బిల్లును ఆమోదించేదాకా, హైదరాబాదులో మేం పనిచేసే చోట ఉభయ ప్రాంతాలవాళ్లం మధ్యాహ్నం డబ్బాలు విప్పి ఒకరి పచ్చడి మరొకరం వేసుకుంటూ క్రికెట్ గురించి మాత్రమే మాట్లాడుకునేవాళ్లం. తెలంగాణకు రక్షణలు ఇస్తామన్న 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం, స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపాలన్న 1985 నాటి 610 జీవో, ఉద్యోగాల్లో చదువుల్లో స్థానికుల వాటా గురించిన రాజ్యాంగంలోని 371డి అధికరణం, కృష్ణా నీళ్లు, హైదరాబాదు ఆదాయం అందరి మనసుల్లోనూ ఉన్నా ఎవరి నోటా రాలేదు. వస్తే ఆ బల్ల దగ్గర మర్నాడు ఎలా కూర్చుంటాం? రాత్రయ్యాక మాత్రం మారుపేర్లతో అదే విషయాల మీద తెల్లవార్లూ యుద్ధం నడిచేది. మా బల్ల దగ్గరివాళ్లే అటూ ఇటూ ఉండి ఒకరినొకరు తిట్టుకున్నారేమో కూడా.

ఊళ్లో సంగతి ఇంకా క్లిష్టం. ఓటు రహస్యమని చట్టం చెబుతుంది గాని, ఊరి ఓటు రహస్యం కాదు. కాగితపు బ్యాలెట్ల కాలంలో వివిధ బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించే పద్ధతి ఉండేది. ఈవీఎంలు వచ్చాక ఏ బూత్‌లో ఎవరికెన్ని వచ్చాయో విడివిడిగా తేలుతోంది, ఫలితాల తర్వాత ఫారం 20 అనే బూత్‌లవారీ ఓట్ల పట్టిక చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. బూత్‌కు పన్నెండు పదిహేను వందల ఓట్లంటే, ఏ వీధి ఎటు మొగ్గిందో ఊహించడానికి స్థానిక నాయకుడికి పెద్ద గణితం అక్కర్లేదు. బూత్‌ల లెక్కలను కలిపి చూపే టోటలైజర్ అనే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో సిఫార్సు కూడా చేసింది, కానీ అది అమలులోకి రాలేదు. ఓటు వేసి ఇంటికొచ్చిన మనిషి తన పింఛను, తన కాలవ నీళ్లు, తన ఇంటి పట్టా ఎవరి చేతుల్లో ఉన్నాయో లెక్కవేసుకున్నాక రచ్చబండ మీద తన మనసులో మాట చెబుతాడని ఎలా ఆశిస్తాం? ప్రభుత్వోద్యోగికి ఆ లెక్క కూడా అక్కర్లేదు, 1964 నాటి ప్రవర్తనా నియమావళే అతనికి రాజకీయాల నుంచి దూరంగా ఉండమని చెబుతుంది.

వీటన్నిటికీ తోడు ఇంటిపేరు ఒకటి. మన ప్రాంతంలో ఇంటిపేరు చెప్పగానే ఎదుటివాడు కులాన్నీ, కులాన్ని బట్టి పార్టీనీ ఖాయం చేసుకుంటాడు. ఆ తరువాత మనం రైతు రుణమాఫీ గురించి మాట్లాడినా, రాజధాని గురించి మాట్లాడినా, అతను వినేది మన ఇంటిపేరునే. ఆ బరువు తీసి గూట్లో పెట్టి, వాక్యం ఒక్కటీ వాక్యంగా నిలబడుతుందో లేదో చూసుకోవాలన్న కోరిక తప్పేమీ కాదు. పూర్వం ఊళ్లో జరిగిన అన్యాయాన్ని కలెక్టరుకు చెప్పుకోవాలంటే కిందిస్థాయివాడు ఆకాశరామన్న పేరుతోనే ఉత్తరం రాసేవాడు. (పొరుగింటివాడి మీద అసూయతో రాసినవాళ్లూ ఆ పేరే వాడుకున్నారు. అది వేరే సంగతేమీ కాదు, ఆ పేరుకు మొదటినుంచీ రెండు ముఖాలూ ఉన్నాయి.)

ఆ రెండో ముఖమే ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తోందని ఒప్పుకుంటాను. మనం ముసుగు వేసుకున్నా ఎదుటివాడు ఊరుకోడు. రెండో వాక్యానికే మనకొక రంగు పూస్తాడు, పచ్చో నీలమో గులాబీయో కాషాయమో, మూడో వాక్యానికి "నీకెంత ముడుతోంది" అని అడుగుతాడు, నాలుగో వాక్యంలో మన ఇంట్లో ఆడవాళ్ల ప్రస్తావన తెస్తాడు. ఇంటిపేరు తీసేసి వచ్చిన చోట కూడా మనకు కొత్త ఇంటిపేరు పెట్టి గాని మాట్లాడలేని ఈ అలవాటు చూస్తే నాకు కోపం కన్నా విసుగే ఎక్కువ వస్తుంది. ఇంట్లోవాళ్లను తిట్టేవాడికి నేను జవాబు రాయను. ముసుగు వాదన కోసం వేసుకున్నదే గాని దాని కోసం కాదు.

అయినా ఒక సంఘటన వల్ల నేను ఈ అలవాటు మానుకోలేకపోతున్నాను. పోలవరం కట్టే బాధ్యతను విభజన చట్టమే రాష్ట్రానికి అప్పగించిందని రెండు రోజులు గట్టిగా వాదించాను. మూడో రోజు అవతలి మనిషి తిట్టు ఒక్కటీ లేకుండా, 2014 చట్టంలోని 90వ సెక్షన్‌ నాలుగో ఉపసెక్షన్‌ను ఉన్నదున్నట్టు రాసి పంపాడు. ప్రాజెక్టును కేంద్ర ప్రభుత్వమే నిర్మించాలనీ, అనుమతులన్నీ తానే తేవాలనీ అందులో ఉంది. నిర్మాణం రాష్ట్రం చేతికి వచ్చింది 2016లో, అది కూడా కేంద్రం అప్పగిస్తే. నేను మూడుసార్లు చదివి, "మీరు చెప్పింది నిజం, నేను పొరబడ్డాను" అని రాశాను. అలా రాయడానికి నాకు అరనిమిషం పట్టలేదు. నేనెవరో అతనికి తెలియదు కాబట్టి ఓడిపోయింది కూడా నేను కాదు, ఆ మారుపేరు.

ఆ తరువాతి సంక్రాంతికి బావగారు మళ్లీ పోలవరం ఎత్తారు. కట్టాల్సింది రాష్ట్రమేనని మొదటి నుంచీ చట్టంలోనే ఉందని, సరిగ్గా నా పాత మాటే అన్నారు. సెక్షను నంబరు నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో అక్క గారెల పళ్లెం తెచ్చింది, నేను రెండు వేయించుకున్నాను.