చౌక ఇళ్లకన్నా పెద్ద సేవ
కేరళలో పనిచేసిన భవన వాస్తుశిల్పి లారీ బేకర్ గురించి ఇటీవల ఒక వ్యాసం చదివాను. ఆయన ప్రజాసేవ అంతా చౌక ఇళ్లు కట్టడంలోనే ఉందన్న ఆ వ్యాసకర్త మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఖర్చు తగ్గడం ఆయన పనిలో కంటికి కనిపించే భాగం మాత్రమే. దాని వెనుక ఆయన పనివాళ్లకు ఓపికగా నేర్పిన విద్య ఉంది. ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతినే తీసుకుంటే, తొమ్మిది అంగుళాల మందం తగ్గకుండానే దాదాపు 25 శాతం ఇటుకలు ఆదా అవుతాయి, లోపలి గాలి పొర వల్ల గదిలోకి వేడి కూడా తక్కువగా వస్తుంది. అయితే కాగితం మీద గీసినంత మాత్రాన ఆ గోడ లేవదు. మా ఇంటికి ఈ పద్ధతి కోరినప్పుడు, ఎంతో అనుభవమున్న మేస్త్రీ మొదటి రోజు కట్టిన వరుసల్లో ఖాళీలన్నీ సిమెంటు మాలుతో నిండిపోయాయి. ఈ పని తెలిసిన ఒకాయన వచ్చి, ఖాళీపై చెక్కముక్క అడ్డంగా పెట్టి మాలు ఎలా పరచాలో స్వయంగా తాపీ పట్టి చూపించాక, మర్నాటికే మా మేస్త్రీకి చేయి కుదిరింది. అందుకే, కేరళ మాజీ ముఖ్యమంత్రి సి. అచ్యుత మీనన్, ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ వంటివారితో కలిసి బేకర్ 1985లో ఇలాంటి తక్కువ ఖర్చు నిర్మాణ పద్ధతులను నేర్పి, వ్యాప్తి చేసే కాస్ట్‌ఫోర్డ్ సంస్థను నెలకొల్పడాన్ని ఆయన కట్టిన ఏ భవనంకన్నా గొప్ప పనిగా నేను భావిస్తాను. 2007లో ఆయన కన్నుమూసిన తర్వాత కూడా ఆ పద్ధతులు కొత్తవారి చేతుల్లో బతుకుతున్నాయంటే కారణం అదే. అంతటి విషయాన్ని వ్యాసం ఒక్క వాక్యంతో దాటవేయడం నాకు నిజంగా బాధ కలిగించింది.