ఆ బొమ్మలో కుండ తిన్నగా ఉంది

సంక్రాంతికి రెండు నెలల ముందు మా పిన్ని తన పూతరేకుల డబ్బాకి కొత్త లేబుల్ వేయించాలనుకుంది. ఆత్రేయపురం పక్క పల్లె వాళ్లది. ఇంట్లో ముగ్గురు రేకులు తీస్తారు, ఇద్దరు నెయ్యి రాసి చుడతారు. ఇన్నాళ్లూ తెల్ల అట్టపెట్టె, దాని మీద రబ్బరు స్టాంపు, అంతే. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఏఐతో ఆరు లేబుళ్లు చేసి వాట్సాప్‌లో పంపించాడు. పావుగంట పట్టిందట. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. గోదావరి, పడవ, కొబ్బరిచెట్లు, పొద్దువాలే ఆకాశం, ముందు చీరకట్టులో ఒక ముసలావిడ, ఆవిడ ఎదురుగా పొయ్యి మీద కుండ.

పిన్ని కళ్లజోడు తుడుచుకుని ఆరూ చూసింది. "ఇదేంట్రా, కుండ తిన్నగా పెట్టేడు? పాలు కాస్తన్నారా ఏంటి?" అంది.

రేకు తీసే కుండ బోర్లా ఉంటుంది. దానికి పక్కన కన్నం ఉంటుంది, అందులోంచి మంట పెడతారు. నీళ్లలా జారే బియ్యప్పిండిలో పల్చటి గుడ్డ ముంచి, కాలిన కుండ వీపు మీద ఒక్క లాగు లాగితే రేకు లేచి వస్తుంది. గుడ్డ ఒక్క క్షణం ఆగిందా, అక్కడ మందమై రేకు పాడవుతుంది. ఇది తెలియడానికి చదువక్కర్లేదు, ఆ పొయ్యి ముందు ఓ గంట కూర్చుంటే చాలు. ఏఐ కూర్చోలేదు. అది చూసిన లక్షల బొమ్మల్లో కుండ అంటే మూతి పైకి ఉండేదే, కాబట్టి ఆరింటిలోనూ తిన్నగానే గీసింది. పూతరేకులు కూడా మడత దోసెల్లా వచ్చాయి.

గోదావరి డెల్టాలో చిన్న వ్యాపారాల బ్రాండింగ్ గురించి ఈ మధ్య ఎవరు మాట్లాడినా నాకు ఆ కుండే గుర్తొస్తోంది. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి పక్కన బస్సు ఆగినప్పుడు ఒక్కసారి బోర్డులు చదవండి. ప్రతి కొట్టూ ఆత్రేయపురం పూతరేకులే, ప్రతిదీ ఒరిజినలే, సగానికి పైగా దేవుడి పేరే. ఇప్పుడు వాటి మీదకి ఏఐ బొమ్మలు కూడా వచ్చాయి. అదే పడవ, అదే కొబ్బరిచెట్టు, అదే నవ్వే బామ్మ. అంబాజీపేట కొబ్బరినూనె సీసా మీదా ఆవిడే, భీమవరం పచ్చడి సీసా మీదా ఆవిడే. గోదావరి జిల్లాల మొత్తానికీ ఒకే బామ్మ వండి పెడుతున్నట్టుంది. బొమ్మ చవకైంది, సంతోషం. కానీ అందరికీ చవకగా దొరికేదాన్ని చూసి మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు. ఏఐ వల్ల డిజైనర్ పని పోయిందనేవాళ్లు ఈ చిన్న లెక్క మర్చిపోతున్నారని నా అభిప్రాయం.

ఊరి పేరుతోనే వచ్చే చిక్కు ఇంకొకటుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు, అందరూ అనే జీఐ ట్యాగ్ వచ్చింది. నరసాపురం లేసుకి 2024లో వచ్చింది. ఊళ్లో బాణసంచా కాల్చారు, మంచిదే. కానీ జీఐ ఊరందరిదీ. తయారీదారుల సంఘం పేరిట ఉంటుంది, ఆ పద్ధతిలో చేసేవాళ్లు అధీకృత వినియోగదారులుగా నమోదు చేయించుకుని వాడుకోవచ్చు. అంటే 'ఆత్రేయపురం' అన్న మాట మీ వాకిటి దాకా కొనేవాణ్ణి తీసుకొస్తుంది. మీ ఇంట్లోకా, పక్కింట్లోకా అన్నది అది చెప్పదు. ట్రేడ్‌మార్క్ చట్టం కూడా సరుకు ఎక్కడిదో, ఎలాంటిదో మాత్రమే చెప్పే మాటని మామూలుగా ఒకరికి రాసివ్వదు. 'స్పెషల్ నెయ్యి పూతరేకులు' అని దరఖాస్తు పెడితే తిప్పి పంపిస్తారు.

ఈ సంగతి మన పాతవాళ్లకి లాయరు చెప్పకుండానే తెలుసు. కాకినాడ గొట్టం కాజా ఎంతమంది చేసినా కోటయ్య కాజా అనే అడుగుతారు. రామచంద్రపురం ఆర్టోస్ సంగతి చూడండి. 1919లో సోడాల వ్యాపారంగా మొదలైన కుటుంబం, ఏ.ఆర్. రాజు టానిక్స్ అన్న పేరుని కుదించి ఆర్టోస్ చేసుకుంది. అందులో గోదావరి లేదు, కొబ్బరిచెట్టు లేదు, ఒరిజినల్ అన్న మాట లేదు. పెద్ద కంపెనీల కూల్‌డ్రింకులు ముంచెత్తిన రోజుల్లోనూ ఆ పేరు నిలబడింది. కొత్త పేరుకి మొదట్లో అర్థం ఉండదు. పదేళ్లు ఒకే రుచి ఇస్తే అర్థం అదే వస్తుంది.

పేర్ల దగ్గర ఏఐ నిజంగా పనికొస్తుంది, అది ఒప్పుకోవాలి. మా తమ్ముడు దానితో ఎనభై పేర్లు రాయించాడు. డెబ్బై ఎనిమిది చెత్త. 'గోదారి రుచులు', 'అమ్మమ్మ చేతి' లాంటివి ఎప్పుడో ఎవరో పెట్టేసుకున్నవి. కానీ ఆ చెత్త అంతా ఒక్కచోట కనబడేసరికి ఏది వద్దో పిన్నికి తేలిపోయింది. చివరికి అందులోది ఏదీ కాకుండా, తనకి రేకు తీయడం నేర్పిన వాళ్ల అత్తగారి పేరు పెట్టుకుంది. కేంద్ర ప్రభుత్వ మేధోసంపత్తి కార్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతికితే 30వ తరగతిలో, అంటే స్వీట్లూ పిండివంటలూ వచ్చే తరగతిలో, ఆ పేరు ఎవరికీ లేదు. వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ట్రేడ్‌మార్క్ ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు ఒక తరగతికి 4,500 రూపాయలు. పరీక్ష దాటాక జర్నల్‌లో ప్రకటిస్తారు, 4 నెలల్లో ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే రిజిస్ట్రేషన్ వస్తుంది. అది 10 ఏళ్లు ఉంటుంది, తర్వాత మళ్లీ కట్టుకోవాలి. పండక్కి ఫ్లెక్సీలకి పోసే డబ్బు కంటే ఇది తక్కువే. అయినా ముందు ఫ్లెక్సీ వేయించి, తర్వాత పేరు వెతుకుతాం.

ఏఐ రాసిన మాటల దగ్గర మాత్రం జాగ్రత్త. డబ్బా వెనక నాలుగు వాక్యాలు రాయమంటే అది ఇలా రాసింది: "స్వచ్ఛమైన, సహజమైన, సంప్రదాయ రుచి." వినడానికి బాగుంది. తిండి సరుకుల్ని నియంత్రించే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో పెట్టిన ప్రకటనల నిబంధనల్లో సరిగ్గా ఈ మాటలకే షరతులున్నాయి. స్వచ్ఛమైన అన్నది ఏమీ కలపని ఒకే పదార్థానికి వాడాల్సిన మాట. బియ్యం, బెల్లం, నెయ్యి కలిసిన పూతరేకుకి అది చెల్లదు. ఒరిజినల్ అనాలంటే ఆ తయారీ ఎక్కడిదో చూపించగలగాలి, అది మారకుండా ఉండాలి. బ్రాండు పేరులోనే ఇలాంటి మాట ఉండి, అది కొనేవాణ్ణి తప్పుదోవ పట్టించేలా ఉంటే, ఇది బ్రాండ్ పేరు మాత్రమే, సరుకు అసలు స్వభావాన్ని చెప్పేది కాదు అని కనీసం 3 మిల్లీమీటర్ల అక్షరాల్లో రాయాలి. హైవే బోర్డుల్ని ఈ లెక్కన చదివితే కాసేపు నవ్వుకోవచ్చు.

అంతకంటే భయమేసింది పోషక విలువల పట్టిక చూసినప్పుడు. ఏఐ చక్కగా గళ్లు గీసి, క్యాలరీలు, కొవ్వు, పిండిపదార్థాలు దశాంశాలతో సహా ఇచ్చింది. పిన్ని ఒక రేకుకి ఎంత నెయ్యి రాస్తుందో అది ఎవర్నీ అడగలేదు. ఆ మాటకొస్తే పిన్నికే గ్రాముల్లో తెలీదు. ఆ అంకెలు ల్యాబ్‌లో పరీక్ష చేయించి వేసుకోవడం మంచిది. తప్పు అంకె అచ్చేస్తే, రేపు తనిఖీకి వచ్చినవాళ్లకి సమాధానం చెప్పాల్సింది పిన్నే, ఏఐ కాదు.

ఇక అక్షరాల సంగతి. నేను ప్రయత్నించిన బొమ్మల ఏఐలన్నీ 'ఆత్రేయపురం'లో 'త్రే' దగ్గర బోర్లా పడ్డాయి. ఒకటి త కింద ర వత్తు బదులు కొక్కెం లాంటిదేదో పెట్టింది. ఒకటి 'పూతరెకులు' అని దీర్ఘం మింగేసింది. అవి అక్షరాన్ని రాయవు, అక్షరం ఆకారాన్ని గీస్తాయి. కొత్తవి మెరుగవుతున్నాయి, రేపో మాపో సరిగ్గా రాస్తాయి కూడా. కానీ సరిగ్గా రాయడం వేరు, మన అక్షరం అనిపించడం వేరు. నరసాపురంలో పుట్టిన బాపు చేతిరాత ఫాంటుగా మారి శుభలేఖల మీదా, టిఫిన్ సెంటర్ల బోర్డుల మీదా ఎలా పాకిందో తెలిసిందే. ఎంత అందమైన అక్షరమైనా వెయ్యి బోర్డుల మీదకి ఎక్కాక ఏ ఒక్క కొట్టు గుర్తూ కాదు.

మన డీటీపీ సెంటర్లలో ఇంకా 'అను' అనే తెలుగు ఫాంట్లూ, పేజ్‌మేకర్, కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్లే నడుస్తున్నాయి. అచ్చుకి దిట్టంగా వస్తుంది. అదే మేటర్ కాపీ చేసి వాట్సాప్ కేటలాగ్‌లో పెడితే ఇంగ్లిష్ గజిబిజి అయిపోతుంది, ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనబడేలా చేసే యూనికోడ్ కాదు కనుక. రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగా దొరుకుతాయి. వ్యాపారానికి వాడుకోవడానికీ అడ్డులేదు. డబ్బా మీదా, ఫోన్‌లోనూ ఒకే అక్షరం కనబడాలంటే అటువైపు రావాల్సిందే.

పిన్నికి లేబుల్ చేసింది అమలాపురం అమ్మాయి. డిజైన్ చదువుకుని వచ్చి ఇంట్లోంచే పని చేసుకుంటోంది. ఎనిమిది వేలు అడిగింది. "కొడుకు ఊరికే చేసేడు కదమ్మా" అని పిన్ని కాసేపు బేరమాడింది. ఆ అమ్మాయి మొదటి రోజు లాప్‌టాప్ తియ్యనే లేదు. పొయ్యి ముందు పీట మీద కూర్చుని రెండు గంటలు చూసింది. తనూ ఒక రేకు తీయబోయి వేలు కాల్చుకుంది. తర్వాత అడిగిన ప్రశ్నలు విని నేను ఆశ్చర్యపోయాను. డబ్బా బస్సులో పార్శిల్ వెళ్తుందా, పైన ఏం పెడతారు, నెయ్యి మరక ఏ వైపు ఎక్కువ పడుతుంది, కొనేవాళ్లు అంకుల్సా, పిల్లలా? నెయ్యి మరక పడే వైపు ముదురు రంగు వేసింది. ఎనిమిది వేలు దీనికి. గీసిన గీత ఒక్కటే, బోర్లించిన కుండ వీపు, దాని మీద జారుతున్న గుడ్డ అంచు.

ఆ అమ్మాయి కూడా ఏఐ వాడింది, దాచలేదు కూడా. డబ్బా ఫొటోల వెనకాల గోడ మీది క్యాలెండర్లు తీసేయడానికీ, అదే లేబుల్ పావుకిలో, అరకిలో సైజుల్లో ఎలా ఉంటుందో చూపించడానికీ వాడింది. నాగపూర్ నుంచి హిందీలో అడిగేవాళ్లకి పిన్ని తరఫున జవాబులు కూడా దాంతోనే రాసిపెట్టింది. ముందైతే ఇదంతా వారం రోజుల పని. ఆ మిగిలిన వారాన్ని పొయ్యి ముందు కూర్చోవడానికి వాడే డిజైనర్‌కి డబ్బులివ్వచ్చు. ఆ వారాన్ని కూడా ఏఐకే వదిలేసి, మూడు వేలకి పది లోగోలు అనేవాళ్ల దగ్గరికి వెళ్లడం దండగ, ఆ పది మీ ఇంట్లో పిల్లాడు ఊరికే చేసిస్తాడు.

డబ్బులిచ్చే ముందు కాగితం రాయించుకోండి. ఇది నేను దెబ్బతిని చెబుతున్న మాట. మా నాన్నగారి బియ్యం సంచి బ్రాండుకి ఒకప్పుడు ఒక డీటీపీ సెంటర్‌లో లోగో చేయించాం. ఓపెన్ ఫైల్, అంటే మళ్లీ మార్చుకునే వీలున్న అసలు ఫైలు, అడిగితే "ఆయ్, రేపిస్తానండి" అనేవాడు. ఆ రేపు రాకముందే వాళ్ల కంప్యూటర్ పోయింది. పాత సంచిని స్కాన్ చేసి మళ్లీ గీయించుకున్నాం, అది ఇప్పటికీ కొంచెం వంకరే. ఫైలుకి మించినది హక్కు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటి డిజైనర్ చేసిన లోగో మీద హక్కు, డబ్బులిచ్చినంత మాత్రాన మీకు వచ్చేసినట్టు కాదు. రాతపూర్వకంగా బదలాయించాలి. ఆ కాగితంలో ఎన్నాళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని చట్టం అనుకుంటుంది. శాశ్వతంగా, అన్ని చోట్లకీ అని ఒక్క వాక్యం చాలు. అచ్చంగా ఏఐ ఇచ్చిన బొమ్మకైతే ఈ కాగితం కూడా ఎవరు రాసివ్వాలో తెలియదు. మనిషి చేయి లేని బొమ్మకి కాపీరైట్ ఇవ్వబోమని అమెరికా కాపీరైట్ కార్యాలయం ఇప్పటికే తేల్చేసింది.

నరసాపురం చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లు నూరేళ్లకు పైగా లేసు అల్లుతున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. ఆ బల్లగుడ్డలు సముద్రాలు దాటి ఎక్కడెక్కడో పరుచుకున్నాయి, మీద చీటీ మాత్రం కొన్నవాళ్లది. చేయి మనది, పేరు ఇంకొకరిది. ఇప్పుడు ఫోన్‌లోంచే నేరుగా అమ్ముకునే వీలొచ్చాక కూడా, మన డబ్బా మీద ఎవరిదీ కాని కుండ వేసుకుంటే దాన్ని ఏమనాలి?

లేబుళ్లు పండక్కి పది రోజుల ముందు అచ్చయి వచ్చాయి. ఆకుపచ్చ చుక్క, ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు, తయారీ తేదీ, ఎమ్మార్పీ అన్నీ ఉన్నాయి. ఫోన్ నంబర్ మాత్రం పాతది పడింది, మార్పించాల్సి వచ్చింది. ఆ తప్పు ఏఐదీ కాదు, డిజైనర్‌దీ కాదు, ప్రూఫ్ చూసిన నాది. భోగి ముందు రోజు హైదరాబాద్ నుంచి ఒకాయన పిన్నికి ఫోన్ చేశాడు. సరుకు బాగుందట. "కానీ మేడమ్, మీ డబ్బా మీద కుండ తలకిందులుగా అచ్చయింది, చూసుకున్నారా?" అన్నాడు.

పిన్ని పొయ్యి ముందు నుంచి లేచి, ఫోను స్పీకర్‌లో పెట్టి, పీట లాక్కుని కూర్చుంది. "ఆయ్, అది అలాగే ఉంటదండి బాబూ. వీడియో కాల్ చెయ్యండి, చూపిస్తాను" అంది.