జాకెట్ మొదట సంచిలో ఉండాలి

చలికాలం వేటకు కొత్తగా వెళ్లే మన వాళ్లు చాలామంది ముందుగా ఒక మందపాటి జాకెట్ కొంటారు. కారు దిగగానే దాన్ని తొడుక్కుని, జిప్పు మెడదాకా లాగి నడక మొదలుపెడతారు. నా దృష్టిలో చలి బాధకు మూలం అదే.

నడుస్తున్నంతసేపూ ఒళ్లు వేడెక్కి చెమట పడుతుంది. తర్వాత మాటు వేసి గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఆ తడే మనల్ని వణికిస్తుంది. నీరు గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది మరి. అందుకే కాస్త చలిగా అనిపిస్తుండగానే నడక మొదలుపెట్టాలి. జాకెట్‌ను సంచిలోంచి తీయాల్సింది కూర్చున్న చోటికి చేరి, ఒళ్లు కాస్త చల్లబడ్డాకే. ఇది సుఖం కోసం మాత్రమే చెప్పడం లేదు. వేళ్లు మొద్దుబారిన మనిషి చేతిలో తుపాకీ ఉంటుంది, అది పక్కవాళ్లకూ ప్రమాదమే.

డబ్బు పెట్టాల్సింది ముందు ఒంటికి తగిలే పొర మీద. కాటన్ బనియన్ వద్దే వద్దు, తడిస్తే ఓ పట్టాన ఆరదు. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది కానీ వాసన పట్టేస్తుంది. జింకల ముక్కు సంగతి తెలిసిందే కదా! నా ఓటు మెరినో గొర్రెల ఉన్నికే. దాని మీదికి ఫ్లీస్ అనే మెత్తటి సింథటిక్ బట్ట చాలు, కదిలినా చప్పుడు చేయదు.

ఇక జాకెట్. మనల్ని వెచ్చగా ఉంచేది అందులో చిక్కుకుని కదలకుండా ఉండే గాలి. బాతు నూగుతో చేసే డౌన్ బరువు తక్కువ, వెచ్చదనం ఎక్కువ. కానీ తడిస్తే ముద్దయిపోతుంది, గాలికి చోటుండదు. తడిసినా పనిచేసే ప్రిమాలాఫ్ట్ అనే సింథటిక్ పీచును 1980లలో అమెరికా సైన్యం కోసం తయారుచేసింది అందుకే. పొడి చలికి డౌన్, వాన కలిసిన మంచుకు సింథటిక్ తీసుకోండి. ఒక్కటే కొనగలిగితే సింథటిక్ కొనండి.

బిగుతుగా వేసుకుంటే ఏ పొరైనా దండగే. రెండు జతల సాక్సులు కుక్కిన బూటులో రక్తం సరిగా ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. కూర్చున్నప్పుడు మన కింద నలిగిన బట్టలోనూ గాలి నిలవదు, ఒక ఫోమ్ ముక్క పరుచుకోండి.

తోటి వేటగాళ్లకు మనం కనిపించడానికి వేసుకునే ఆరెంజ్ వెస్ట్ మాత్రం రెండు సైజులు పెద్దది కొనండి. జాకెట్ తొడిగాక అది దాని కింద దాగిపోకూడదు, పైనే కనిపించాలి.