గ్యాస్ అయిపోయిందండీ!

బెజవాడలో ఏసీ కొనడం కష్టం కాదు. కొంటున్నట్టు నలుగురికీ తెలియకుండా కొనడమే కష్టం. మార్చి నెలాఖరులో మా ఇంట్లో ఆ మాట పొక్కిందో లేదో, సలహాలు మొదలయ్యాయి. చివరికి పాలు పోసే అతను కూడా క్యాను దించి, ఒక టన్ను మీకు చాలదన్నాడు. మాది పై వాటా. స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రంతా కక్కుతుంది కాబట్టి, గది చిన్నదైనా టన్నున్నర ఉండాలని అతని వాదన. నిజం చెప్పాలంటే ఆ వేసవిలో నాకు అందిన సలహాల్లో పనికొచ్చింది అదొక్కటే.

మా బావమరిది హైదరాబాదు నుంచి ఫోనులోనే ఉపన్యాసం ఇచ్చాడు. కాయిల్ రాగిదే ఉండాలట, అల్యూమినియం అయితే చిల్లు పడ్డప్పుడు అతకడం కష్టమట. ఇన్వర్టర్ ఏసీయే తీసుకోవాలట, అందులో కంప్రెసర్ మాటిమాటికీ ఆగి మళ్ళీ మొదలవకుండా అవసరాన్ని బట్టి నెమ్మదిస్తుందట. "ఇన్వర్టర్ ఉంటే కరెంటు పోయినా నడుస్తుందన్నమాట" అని అమ్మ సంబరపడింది. ఆ భ్రమ తొలగించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇక కరెంటు పొదుపును బట్టి ఏసీకి వేసే నక్షత్రాల సంగతి. మూడు చాలని నేను, ఐదు ఉండాల్సిందేనని మా ఆవిడ. రోజూ రాత్రంతా వేసేవాళ్ళకు ఐదే లాభమని కాగితం మీద లెక్క కట్టి మరీ నెగ్గింది. పైగా ఆ నక్షత్రాలు వేసే ప్రభుత్వ సంస్థ బీఈఈ ఆ కొలమానాన్ని అప్పుడప్పుడు బిగిస్తూ ఉంటుంది కనుక, ఒకనాటి ఐదు నక్షత్రాలు తర్వాత నాలుగుకు జారినా జారవచ్చునని కూడా తేల్చింది.

ఇంత చర్చలో ఒక్కరూ ఎత్తని మాట, ఏసీ వెనక నుంచి బయటికి వేలాడే ఆ సన్న పైపు. గదిలోని ఉక్కంతా చల్లని కాయిల్‌కు తగిలి నీరై, కింది పళ్ళెంలోకి జారి, ఆ పైపు గుండా బయటికి పోతుంది. కృష్ణ ఒడ్డున ఉక్కపోత రాత్రుల్లో గంటకు లీటరు పైనే వస్తుంది. కింది వాటాలో ఉండే మా ఇంటి ఓనరుగారి భార్య, పిన్నిగారు, ఆ ధార కింద బకెట్ పెట్టుకుని ఆ నీళ్ళతోనే వరండా తుడిపించేవారు. అందరికీ సుఖంగానే ఉండేది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. బావమరిది సరిగ్గా అప్పుడే సెలవు పెట్టుకుని దిగాడు. వస్తూనే రిమోటు స్వాధీనం చేసుకుని 16 మీద పెట్టాడు. 2020 జనవరి నుంచి ఏసీలు 24 దగ్గరే మొదలవ్వాలని నిబంధన పెట్టినవారు ఇతన్ని ఎక్కడో చూసే ఉంటారు. 16 పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడదయ్యా, ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందయ్యా అని చెప్పి చూశాను. "బిల్లు మీది, ఉక్క నాది బావా" అని ముసుగు తన్నాడు.

అర్ధరాత్రి కేక వినిపించి లైటు వేశాం. ఏసీ రెక్క అంచున ఒక చుక్క ఊరి, లావై, కాసేపు ఊగిసలాడి, శివలింగం మీద ధారాపాత్రలా సరిగ్గా అతని నుదుటి నడుమ పడుతోంది. రాగి కాయిల్ గురించి అంత చెప్పిన మనిషి మాట్లాడకుండా లేచి కూర్చున్నాడు. మంచం జరిపి ఇడ్లీ పాత్ర పెట్టాం. తెల్లవార్లూ టప్పు టప్పు మంటూ అది మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

పొద్దున్నే మెకానిక్‌కు ఫోను చేశాను. "నీళ్ళు..." అన్నానో లేదో, "గ్యాస్ అయిపోయిందండీ. దారిలోనే ఉన్నాను" అన్నాడు. అయిపోవడానికి అదేమీ వంటగ్యాసు బండ కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరిగే గ్యాస్ ఎక్కడో లీకైతే తప్ప తగ్గదు. తగ్గితే కాయిల్ మీద మంచు కట్టి, కరిగి కారే మాట నిజమే. కానీ అలాగైతే గది చల్లబడకూడదు, మా గది ఐసుపెట్టెలా ఉంది మరి!

ఇంతలో పిన్నిగారు మెట్ల మీద నుంచే అమ్మను పలకరించారు. "ఏమండీ, ఏసీ వేయడం మానేశారా? నిన్నటి నుంచి బకెట్లో చుక్క పడటం లేదు."

అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "ఆ పడనిదే మా మంచం మీద పడుతోంది" అంది.

బావమరిది బాల్కనీలోంచి వంగి పైపు కొసను పైకి లాగాడు. దాని నోట్లో కందిరీగ నున్నగా మట్టి మెత్తి గూడు కట్టుకుంది. చీపురుపుల్లతో పొడిస్తే మట్టి బెడ్డలతో పాటు, పిల్లల కోసం అది దాచిన నాలుగు పచ్చని గొంగళిపురుగులూ రాలాయి. వాటి వెనక జిగురు జిగురుగా పాచి. "వస్తోంది బావా!" అని విజయోత్సాహంతో పైపు వదిలేశాడు. ఆగిన నీళ్ళన్నీ భళ్ళున కిందికి దూకాయి.

చుక్క పడటం మానేసిన ఆ చోటు పొడిగా ఉంది, ఎండ బాగా తగులుతోంది అని పిన్నిగారు బకెట్ తీసేసి, పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టుకున్నారు. ఆవిడ కేక విని నేను లోపలికి వచ్చేశాను. బావమరిది మాత్రం మధ్యాహ్నం ఎండలో బూడిద గుమ్మడికాయ మోసుకొచ్చాడు.

దారిలోనే ఉన్న మెకానిక్ సాయంత్రం దిగాడు. ఏసీ వేసి, చెయ్యి అడ్డం పెట్టి, "చూశారా, ఇప్పుడు గ్యాస్ సర్దుకుంది" అని వచ్చినందుకు అయిదు వందలు పుచ్చుకున్నాడు. పోతూ పోతూ ఉండగా పిన్నిగారు పిలిచి, తమ గడ్డి కూలరు సరిగ్గా చల్లగా రావడం లేదు, ఒకసారి చూడమన్నారు.

అతను కూలరు చుట్టూ తిరిగి, దాని వీపు మీద తట్టడం బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నాం.

"గ్యాస్ తగ్గిందమ్మా" అన్నాడు.