బొంబాయి కుక్కల గొడవ: తలకు అర్ధరూపాయి

కుక్కకాటు వార్త వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు "బ్రిటిష్ వాళ్లుంటే వారంలో ఒక్క కుక్క లేకుండా చేసేవాళ్లు" అని రాస్తున్నారు. నిన్న మళ్లీ చూశాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నా. వాళ్లు ఆ పని చేశారండీ, ఏళ్ల తరబడి చేశారు. బొంబాయిలో ఏమైందో చదవండి.

వీధికుక్కల్ని చంపడానికి అక్కడ 1813 నుంచే అనుమతి ఉంది, కాకపోతే ఏడాదిలో కొన్ని వారాలే. 1832లో ఆ గడువు పొడిగించారు. చంపిన కుక్కకు ఎనిమిది అణాలు బహుమానం, అంటే అర్ధరూపాయి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పిచ్చికుక్క జోలికి ఎవడు పోతాడు, ప్రాణం మీదికొస్తుంది కదా! అరుగు మీద పడుకుని, చెయ్యి చాపితే తోకాడించుకుంటూ వచ్చేదయితే సులువుగా దొరుకుతుంది. రెండింటికీ ఇచ్చేది అదే అర్ధరూపాయి. ఇళ్లలోకి దూరి మరీ పెంపుడు కుక్కల్ని లాక్కెళుతున్నారని జనం మొత్తుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

పైగా అది పార్సీలు చాలామంది ఉన్న ఊరు. వాళ్ల ఇంట్లో ఎవరైనా పోతే శవం దగ్గరికి కుక్కను తెచ్చి చూపిస్తారు, దాన్ని సగ్‌దీద్ అంటారు. కళ్లపైన రెండు మచ్చలుండే కుక్క అయితే మరీ మంచిది, నాలుగు కళ్ల కుక్క అని దానికి పేరు. ఆ చూపు పడితే గానీ అంత్యక్రియలు ముందుకు సాగవు. అలాంటి వాళ్ల వాకిట్లో కుక్కను కొట్టి చంపితే ఊరుకుంటారా? జూన్ 6న పార్సీలు కుక్కలు పట్టే పోలీసుల మీద తిరగబడ్డారు. మర్నాడు బజార్లు మూతపడ్డాయి, హిందువులు, ముస్లింలు, జైనులు కూడా కలిశారు, కొలాబాలోని సైనికులకు వెళ్లే సరుకులు ఆపేశారు. చివరికి సైన్యాన్ని దించి అరెస్టులు చేశారు. అంతా అయ్యాక తేలిందేమిటంటే, కుక్కల్ని చంపకుండా ఊరి బయటికి తరలించవచ్చని! ఆ మాట ముందే ఊరివాళ్లను కూర్చోబెట్టి అడిగి ఉంటే సరిపోయేది. రెండేళ్లకు, 1834లో, పార్సీ వ్యాపారి జంషెట్జీ జీజీభాయ్, అమీచంద్ షా కలిసి పింజ్రాపోల్ అనే జంతువుల ఆశ్రయం పెట్టి దిక్కులేని జంతువులకు నీడ ఇచ్చారు.

పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవట్లేదు. లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం, 1832లో టీకా కూడా లేదు. ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ ఆ టీకా మనిషికి మొదటిసారి వేసింది 1885లో. మన దేశంలో హిమాచల్ కొండల్లోని కసౌలీలో 1900లో, నీలగిరుల్లోని కూనూరులో 1907లో రేబిస్ చికిత్సకు పాశ్చర్ సంస్థలు వచ్చాయి. 1911లో కసౌలీలో సెంపుల్ అనే డాక్టర్ జంతువుల మెదడు నుంచి టీకా తయారుచేశాడు. మా నాన్నకు చిన్నప్పుడు బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడిచింది ఆ రకం మందే. ఆ నొప్పి గురించి ఇప్పటికీ చెబుతాడు. 2004 దాకా మన ప్రభుత్వాసుపత్రుల్లో అదే వాడారు.

టీకా వచ్చాక కూడా చాలా ఊళ్లలో కుక్కల్ని చంపుతూనే ఉన్నారు. మద్రాసులో 1996లో ఆపి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు మొదలుపెట్టారు. చంపితే ఏమవుతుంది? చెత్తకుప్ప అక్కడే ఉంటుంది, పక్క వీధి కుక్కలు వచ్చి చేరతాయి, వాటికి టీకా ఉండదు. ఊళ్లో నూటికి 70 కుక్కలకు టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ కార్పొరేటర్‌ను అడగాల్సింది ఆ లెక్క: ఈ ఏడాది మన వార్డులో ఎన్ని కుక్కలకు టీకా వేశారు? నేను అడిగాను, ఇంకా జవాబు రాలేదు, వచ్చేదాకా అడుగుతూనే ఉంటా.

ఇంకో మాట. మా నాన్నకు కరిచిన రోజు ఇంట్లో పెద్దవాళ్లు గాయం మీద కారం పెట్టారట. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. సబ్బు పెట్టి కుళాయి కింద 15 నిమిషాలు కడిగి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.